చెంబుకా, గంధానికా

చూలై, మద్రాసు
ఆదివారం

అన్నయ్యకు, వదినకు రమణమ్మ దండాలు. అమ్మ పాదాలు తాకినట్టు అమ్మకు చెప్పు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వదినకు కళ్ళు తిరగడం తగ్గిందా? ఎర్రమేక ఈనిందా? మీరంతా నిమ్మళంగా ఉన్నారని నాలుగు ముక్కలు రాస్తేనే నాకిక్కడ అన్నం సయిస్తుంది.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు ఆలస్యమైందని కోప్పడొద్దు. ఆలస్యానికి కారణం ఉంది. అదే ఈ ఉత్తరమంతా. అమ్మకు చదివి వినిపించే ముందు, చివరికి ఏమీ కాలేదని చెప్పి మొదలుపెట్టు. లేకపోతే మధ్యలో కంగారుపడి నీళ్ళు తాగడం కూడా మానేస్తుంది.

ఎండ మన వైపు లాంటిదే. కాకపోతే ఇక్కడ చెమట ఆరదు. సాయంత్రం నాలుగు దాటాక సముద్రం గాలి వస్తే ప్రాణం లేచొస్తుంది. నీళ్ళ లారీ రోజు మార్చి రోజు వస్తుంది. బిందెలు వరసలో పెట్టి ఎవరి బిందె దగ్గర వాళ్ళం నిలబడతాం. బస్సుల మీద ఇప్పుడు చెన్నై అని రాస్తున్నారు. నువ్వు మద్రాసు అనే రాయి, చేరుతుంది. మీ బావ సౌకార్‌పేటలో పప్పుల మండీలో మూటలు దించుతున్నారు. నడుము పట్టేస్తే ఆముదం కాచి రాశాను, తగ్గింది. పాప బడిలో చేరింది. ఇంట్లో కూడా అరవమే మాట్లాడుతుంది. నేను తెలుగులో పిలిస్తే అరవంలో పలుకుతుంది. కూరలో కారం వెయ్యడం ఇక్కడివాళ్ళకు చేతకాదు. ఆ సంగతి చివర రాస్తాను.

సాయిబుల వీధి పక్కన ఉండొద్దని, ఇల్లు మార్చమని అమ్మ చెప్పిందని రాశావు. ఎవరో ఏదో చెప్పి ఆమెను భయపెట్టినట్టున్నారు. అమ్మా, నాకే భయమూ లేదు. భయపడిన రోజు ఒక్కటుంది. ఆ రోజు తప్పు నాది.

నేను పనిచేసే చోటు గురించి పోయిన ఉత్తరంలో సరిగా రాయలేదు. యజమానిని ఇక్కడ మొదలాళి అంటారు. మా మొదలాళి వెంకటసుబ్బయ్య చెట్టిగారు. వాళ్ళు తెలుగువాళ్ళే, నాలుగు తరాల నుంచి ఇక్కడే ఉన్నారు. సౌకార్‌పేటలో వాళ్ళకు సాంబ్రాణి, కర్పూరం, గంధపు చెక్క అమ్మే టోకు దుకాణం ఉంది. చూలైలో వాళ్ళ ఇంటి వెనక పొడుగాటి షెడ్డు ఉంది. అందులో నేనూ, మేరీ అక్కా, ఇంకో ఇద్దరూ సాంబ్రాణి ఏరి, జల్లించి, పొట్లాలు కడతాం.

ఈ సాంబ్రాణి ఓడల మీద దూరం నుంచి వస్తుందట. మూట విప్పితే పొద్దున గుడి పూజారి వచ్చి తీసుకుంటాడు. అదే మూటలోంచి మధ్యాహ్నం దర్గా మనిషికి తూస్తారు. చర్చికి పోయేది కొంచెం తెల్లరకం, దాన్ని కుందిరికం అంటారు. మార్వాడీ సేఠ్‌లు వాళ్ళ గుడికి గంధపు చెక్క ఏరుకుంటారు. ఒకరి కోసం ఒకరు పక్కకు జరుగుతారు, ధర దగ్గర మాత్రం ఎవరూ జరగరు. నాకిది మొదట్లో వింతగా ఉండేది. మేరీ అక్క ఇక్కడే పుట్టిన మనిషి, వాళ్ళ తాత ఒంగోలు వైపు నుంచి వచ్చాడట. ఆమె అంటుంది, "పొగకి మతం ఏం తెలుస్తాది మే? దగ్గు అందరికీ ఒకే మాదిరి వస్తాది."

ఒకసారి టౌనులో ఒక హాలులో అన్ని మతాల పెద్దలూ కూర్చుని మాట్లాడుకునే సభ జరిగితే మొదలాళి మమ్మల్ని కూడా తీసుకుపోయారు. ఒక స్వామీజీ, ఒక ఫాదరు, ఒక మౌల్వీగారు వచ్చారు. సగం అరవం, సగం ఇంగ్లీషు. నాకు అర్థమైనంతలో ముగ్గురూ మంచి మాటలే చెప్పారు, ఒకరు మాట్లాడుతుంటే మిగిలిన ఇద్దరూ నిజంగా విన్నారు. అది నాకు నచ్చింది. మన పంచాయతీలో అలా వినడం నేను చూడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఇక్కడికి నడిచిపోయే దూరంలో ఒక దర్గా ఉంది. ఏటా అక్కడ గంధం పండగ చేస్తారు, ఇక్కడివాళ్ళు సందనక్కూడు అంటారు. మొదలాళి తాతగారి కాలం నుంచి ఆ పండక్కి మొదటి గంధం ఈ ఇంటి నుంచే పోతుంది. ఎందుకని అడిగితే మొదలాళి ఒకటి చెప్తారు. తాతగారి సరుకు వస్తున్న ఓడ మునిగిందని కబురొస్తే దర్గాలో మొక్కుకున్నారట, ఓడ క్షేమంగా చేరిందట. దర్గా పెద్ద ఖాదర్ భాయ్‌ని అడిగితే నవ్వుతారు. "ఓడా లేదు, మొక్కూ లేదు. మా తాతదీ వాళ్ళ తాతదీ పక్క పక్క గోడౌన్లు. అంతే," అంటారు. ఖాదర్ భాయ్ తోళ్ళ వ్యాపారం చేసినవారు. మన కంభం, నెల్లూరు వైపు నుంచి తోళ్ళు తెచ్చే వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు నేర్చుకున్నారు.

ఆ గంధానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. ఇంట్లోనే సాన మీద తీయాలి. కొన్న పొడి కలపకూడదు. ఇంటి మనిషే మోయాలి, నడిచే పోవాలి. పోయినేడు మొదలాళి ఆసుపత్రిలో ఉన్నారు. కొడుకు మురళి గంధం పొడి పొట్లాలు ఆటోలో పెట్టి పంపించాడు. దర్గా కమిటీలో సలీం అని ఒక కుర్రవయసు మాస్టారున్నాడు, ఖాదర్ భాయ్‌కి మేనల్లుడు. అతను ఆ పొట్లాలు అదే ఆటోలో తిప్పి పంపాడు. పొట్లం గంధం బజారులో మాకూ దొరుకుతుంది, వచ్చే ఏడు పద్ధతిగా రాకపోతే మేమే చేసుకుంటాం అని చెప్పించాడు.

అందుకని ఈ ఏడు పోకపోతే ఇక ఎప్పటికీ పోదు. మొదలాళికి డెబ్బై దాటాయి. కాళ్ళు నడవనియ్యవు, కళ్ళకు పొరలు కమ్మాయి. ఆయనకున్న దిగులు ఒక్కటే, తాత మొదలుపెట్టింది తన చేతిలో ఆగిపోకూడదని. మురళికి అది పట్టలేదు.

"ఇదెల్లాం ఇప్పుడు ఎందుకు నైనా?" అన్నాడు మా ముందే. నాన్నను వీళ్ళు నైనా అంటారు. "వాళ్ళే వద్దంటా ఉండారు. కాలం మారిపోయింది."

"మారనీ రా," అన్నారు మొదలాళి. "నేనేం కాలానికి గంధం పంపిస్తా ఉండానా? దర్గాకి పంపిస్తా ఉండాను."

"మోసేదెవరు?"

"నువ్వే."

మురళి లోపలికి పోయాడు.

నేనూ మేరీ అక్కా మూడు రోజులు గంధం తీశాం. పొద్దున తలస్నానం చేసి కూర్చుంటే మళ్ళీ మధ్యాహ్నం అన్నానికే లేవడం. చెక్క అరుగుతుంది, భుజం అరుగుతుంది, గంధం మాత్రం చెంచాడే వస్తుంది. మొదలాళి కుర్చీ వేయించుకుని పక్కనే కూర్చున్నారు. కళ్ళు కనపడవు కాబట్టి వేళ్ళ మధ్య పెట్టి నలిపి చూసేవారు. "బరకగా ఉంది మా. ఇంకోసారి," అనేవారు. మేరీ అక్క గొణిగేది, "చెట్టి ఇల్లు, సాయిబుల పండగ, క్రైస్తవురాలి చెయ్యి. దేవుళ్ళు ముగ్గురు గానీ పడిపోయే నడుము ఒకటే."

మూడో రోజు మధ్యాహ్నానికి చెంబు నిండింది. మేరీ అక్క కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి పోయింది. ఇత్తడి చెంబును నేనే చింతపండు వేసి తోమాను, మిలమిల మెరుస్తోంది. దాన్ని బోసిగా గడప దాటించడానికి నాకు మనసొప్పలేదు. మెడ చుట్టూ పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు పెట్టాను. ఆలోచించి చేసింది కాదు అన్నయ్యా. మనం కొత్త చాటకు పెడతాం, నాగలికి పెడతాం. నీ సైకిలుకు నేనే పెట్టాను. మనూళ్ళో పీర్ల చావిడి గడపకు పసుపు రాసేది అమ్మే కదా. అప్పుడే మొదలాళి వచ్చి తడిపిన తెల్లగుడ్డ చెంబు మీద కప్పారు. గుడ్డ అంచులు కిందికి జారి బొట్లు కనపడకుండా పోయాయి. ఆయనా చూడలేదు, మేరీ అక్కా చూడలేదు.

మురళి ఆఖరి నిమిషంలో పంచె కట్టుకుని వచ్చాడు. మొహం గంటుపెట్టుకునే ఉన్నాడు గానీ వచ్చాడు. చెంబు భుజాన పెట్టుకుని ముందు నడిచాడు. వెనక మేమిద్దరం. మా వెనక రిక్షాలో మొదలాళి. ఎండ ఇంకా తగ్గలేదు. పెద్ద రోడ్డు దాటేటప్పుడు బస్సు ఆపి డ్రైవరు చెయ్యి ఊపాడు. దారిలో పూలకొట్టు ఆమె చెంబు మీద గుప్పెడు మల్లెలు వేసింది. ఇంతమందికి ఇది తెలుసా అని నాకు ఆశ్చర్యం వేసింది. మురళి నడక కూడా కొంచెం సర్దుకుంది.

దర్గా గుమ్మం ముందు జనం ఉన్నారు. పిల్లల్ని ఎత్తుకుని మంత్రించి ఊదించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళున్నారు, వాళ్ళలో సగం మంది బొట్టు ఉన్నవాళ్ళే. డప్పులు కొడుతున్నారు. సలీం ఎదురొచ్చాడు. చెంబు మురళి భుజం మీద నుంచి దించి ఇద్దరూ పట్టుకున్నారు. సలీం గుడ్డ తీశాడు.

"ఇదెన్న?" అన్నాడు.

డప్పులు ఆగిపోయాయి. మూడు బొట్లూ ఎండలో ఎర్రగా ఉన్నాయి. అతను అరవంలో మురళితో అన్న మాటలు నాకు బాగానే అర్థమయ్యాయి. పోయినేడు పొట్లం పంపారు. ఈ ఏడు మీది అని ముద్ర కొట్టి పంపారా? రేపు ఎవరన్నా అడిగితే నేనేం జవాబు చెప్పాలి?

మురళికి ఆ బొట్ల సంగతే తెలియదు. అయినా తగ్గలేదు. "మేం గంధం తెచ్చినాం. వద్దంటే చెప్పు, ఎత్తుకొని పోతాం," అని చెంబు తన వైపు లాక్కున్నాడు.

వెనక రిక్షాలోంచి మొదలాళి, "ఏం రా? ఏం నిలబడిపోయినారు? ఇచ్చినావా?" అని అడుగుతున్నారు. ఆయనకు ఏమీ కనపడటం లేదు. ఆయన మళ్ళీ అడిగారు, "ఇచ్చినావా రా?"

మూడు తరాల నుంచి నడిచింది నా మూడు బొట్లతో తెగిపోతోంది. పని పోతుందన్న ఆలోచన తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఆ ముసలాయన మొహమే. జనంలోంచి ముందుకు పోయి చెప్పాను.

"నేనే పెట్టానయ్యా. ఈ ఇంటివాళ్ళెవరికీ తెలీదు. మా ఊరి అలవాటు. తుడిచేస్తాను," అని కొంగు పట్టుకున్నాను.

"ఉండు తల్లీ, ఉండు," అని గుమ్మం లోపల బల్ల మీద నుంచి వినపడింది. ఖాదర్ భాయ్ లేచి వచ్చారు. "ఆ మాదిరి తుడిస్తే కుంకుమ లోపల రాలతాది. మూడు దినాల గంధం పాడై పోతాది." గడప దగ్గర నిలబడి చెంబులోకి తొంగి చూశారు. వేలితో కొంచెం తీసుకుని వాసన చూశారు. తర్వాత నన్నడిగారు, "ఏం తల్లీ, బొట్టు చెంబుకి పెట్టినావా, గంధానికి పెట్టినావా?"

"చెంబుకేనయ్యా."

"చెంబు మాకు ఎందుకు? అది మీ ఇంటికి పోతాది కదా."

అని సలీం వైపు తిరిగారు. తెలుగు వదిలి అరవంలో మాట్లాడారు, గొంతు పెంచలేదు. నువ్వన్నది సబబే, బొట్టుతో ఏదీ లోపలికి రాకూడదు. అయితే వాళ్ళ చెంబు లోపలికి ఎప్పుడొచ్చింది? మీ తాత నాటి నుంచీ అది గడప బయటే ఆగుతుంది. గంధం మనది, చెంబు వాళ్ళది. గడప ఉన్నది దేనికి? పోయి మన గిన్నె తీసుకురా.

సలీం ఇంకోసారి బొట్ల వైపు చూశాడు. అతని మొహంలో కోపం కంటే ఇబ్బందే ఎక్కువ కనపడింది నాకు. తర్వాత తనే లోపలికి పోయి వెడల్పాటి రాగి గిన్నె తెచ్చాడు. గడపకు అటు పక్క సలీం గిన్నె పట్టుకున్నాడు. ఇటు పక్క మురళి చెంబు వంచాడు. గంధం మజ్జిగ కాదు కదా, జారలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి నేనే చెంబులో చెయ్యి పెట్టి తీసి గిన్నెలో వేశాను. వెనక నుంచి మేరీ అక్క గట్టిగా అంది, "అడుగున ఉంది మే, గోకు! నా నడుము నొప్పంతా ఆడే ఉండాది."

జనం నవ్వారు. సలీం నవ్వలేదు గానీ, నాకు అందేలా గిన్నె ఇంకొంచెం ముందుకు వంచాడు.

అంతలో మొదలాళిని రిక్షా దించి పట్టుకుని తీసుకొచ్చారు. ఖాదర్ భాయ్ ఆయన చెయ్యి అందుకున్నారు.

"ఏం చెట్టీ, కన్ను అగపడదా నీకు? నీ చెంబు పసుపు పూసుకొని, బొట్టు పెట్టుకొని వచ్చి ఉంది, పెండ్లికూతురు మాదిరి."

"ఏందీ?" అని మొదలాళి ఉలిక్కిపడ్డారు.

"ఏం లేదులే. పెండ్లికూతుర్ని నువ్వే తీసుకపో. సారె మాకు చాలు."

మొదలాళి ముందు నవ్వారు, తర్వాత ఖాదర్ భాయ్ భుజం మీద తల ఆనించారు. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. నేను వేళ్ళకంటిన గంధం ఏం చెయ్యాలో తెలియక నిలబడితే, గుమ్మం దగ్గర కూర్చున్న ఒక ఆమె చంటిపిల్ల నుదురు చూపించింది. రాశాను.

తిరిగొచ్చాక మొదలాళి నన్ను కసురుకోలేదు. ఒక్క మాటే అన్నారు. "బొట్టు పెట్టే ముందు అది ఎవరింటికి పోతాదో చూసుకోవాల మా."

ఆ మాట నన్ను వదల్లేదు అన్నయ్యా. మనూళ్ళో చావిడి గడపకు పసుపు రాస్తే ఎవరూ వద్దనలేదు, నిజమే. పీర్లను చూసుకునే మస్తాన్ వాళ్ళ నాన్నను మనం ఎప్పుడైనా అడిగామా? అదీ నిజమే, అడగలేదు. అమ్మది తప్పని నేననడం లేదు. వీలైతే నువ్వొకసారి ఆయన్ను అడిగి, ఆయన ఏమన్నాడో రాయి. ఖాదర్ భాయ్ లాంటి మనిషి ప్రతి గడప దగ్గరా ఉండడు కదా. ఆయనంటే నాకెంత గౌరవమో, గిన్నె తేవడానికి తనే లోపలికి పోయిన ఆ సలీం అన్నా అంతే గౌరవం. అతను ఒప్పుకోలేదు, అయినా గిన్నె పట్టుకున్నాడు.

ఇంకో సంగతి కూడా రాసి ముగిస్తాను. పండగ అయిన రెండు వారాలకు సలీం ఒక్కడే చూలై వచ్చాడు. చేతిసంచిలో ఆ రాగి గిన్నె ఉంది. మురళి ముందు పెట్టి చెప్పాడు, ఇది మీ దగ్గరే ఉంచండి, వచ్చే ఏడు నేరుగా దీంట్లోకే తీయండి, మీ చెంబుకు మీరేం పెట్టుకున్నా మీ ఇష్టం. మురళి కాఫీ తెప్పించాడు. సలీం పనిచేసే బడి గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. సలీం లేచేటప్పుడు మురళి అడిగాడు, "మీ పండగ చంద్రుణ్ణి బట్టి మారతాది గదా, నెల ముందే చెప్పు. నేను ఊళ్ళో ఉండాల." లోపల మంచం మీద నుంచి మొదలాళి దగ్గారు. అది దగ్గు కాదని నాకూ మేరీ అక్కకూ తెలుసు.

ఇల్లు మార్చే పని లేదని అమ్మకు చెప్పు. మన వైపు నుంచి లారీ వస్తే కందిపొడి, ఎండుగోంగూర, కారం కొంచెం ఎక్కువగానే పంపమని వదినకు చెప్పు. మేరీ అక్క కూడా అడిగింది. మీ బావ నీకు నమస్కారం చెప్పమన్నారు. మామ ఫోటో కావాలని పాప అడుగుతోంది. పెద్దమ్మకు, చిన్నాన్నకు, మస్తాన్ వాళ్ళ నాన్నకు నేనడిగానని చెప్పు. మీ అందరి దీవెన మా మీద ఉండాలి.

గిన్నె ఇప్పుడు షెడ్డులో అలమారలో ఉంది. శుక్రవారం నాడు సానకు, త్రాసుకు, చెంబుకు వరసగా పసుపు కుంకుమ పెట్టేది నేనే. గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ చెయ్యి దానంతటదే లేస్తుంది. దించుకుంటాను. గిన్నెను పొడిగుడ్డతో తుడిచి, బోర్లించి, పక్కదానికి పోతాను.

మీ చెల్లెలు
రమణమ్మ